తాత ముందే వేసిన మాల

మా తాత పటం కట్టి ఇవ్వనిదే విశాఖపట్నంలో ఎవరూ చచ్చినట్టు కాదు. డాక్టరు చెప్పినా, మున్సిపాలిటీవాళ్ళు ముద్ర కొట్టి కాగితం ఇచ్చినా ఒప్పుకోకూడదు. యముడంతటివాడు కూడా ముందు హార్బర్ రోడ్డులో ఆగి, "శుభాకర్ గారూ, ఫలానా ఆయనది తయారైందా?" అని కనుక్కున్నాకే దున్నపోతెక్కుతాడని నా నమ్మకం. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఇంట్లో యముడి పేరెత్తితే మా అమ్మమ్మ ప్రేమలీల నెత్తిన మొట్టేది. ఆవిడ పోయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

తాతకి డెబ్బై దాటాయి. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో ఒక్క షట్టరు కొట్టు. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడల నిండా పోయినవాళ్ళు. దువ్వాడ కాలేజీలో ఇంటర్ తప్పి నేనొచ్చి కూర్చున్నాక, ఆ కొట్టులో ఊపిరి పీల్చే మొహాలు రెండయ్యాయి.

తాత కుర్రవాడిగా ఉన్నప్పుడు ద్వారకా నగర్‌లో ఒక స్టూడియోలో చీకటిగదిలో పని చేసేవాడట. నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో ముడతలు చెరిపేవాడు, మొటిమలు మాన్పేవాడు. ఆ రోజుల్లో చేపల వేట చేసే జాలారివాళ్ళలో చాలామంది బతికుండగా ఫొటో తీయించుకునేవాళ్ళు కాదు. మనిషి పోయాక కబురొచ్చేది. తాత కెమెరా పట్టుకుని వెళ్ళేవాడు. పోయినాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా వెనకనుంచి తువ్వాలుతో కట్టి తీసేవాడు. తర్వాత స్టూడియోలో కుంచెతో ఆయనకి కళ్ళు తెరిపించేవాడు.

ఆ పాత పటాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి. నేను చూశాను. ఒకసారి అడిగేశాను.

"తాతా, హార్బర్‌లో సగంమందికి అమ్మమ్మ కళ్ళు పెట్టేశావేటి?"

"మరేటి సెయ్యమంటావే? నాకు బాగా తెలిసిన కళ్ళు అయ్యే."

అమ్మమ్మకి ఈ సంగతి తెలుసో లేదో. మీసాలున్న ఇంతమంది తనలాగే చూస్తున్నారని తెలిస్తే మొట్టికాయలు తాతకీ పడేవి.

తాతకి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పటం కోసం వస్తే ముందు "కబురు తేలిందా?" అని అడిగేవాడు. ఎందుకంటే సముద్రం మీదకి వెళ్ళినవాడు రాకపోతే పోయాడని కాదు. గాలికి కొట్టుకుపోయి ఒడిశా ఒడ్డున తేలినవాళ్ళున్నారు, వేరే బోటువాళ్ళు ఎక్కించుకున్నవాళ్ళున్నారు. అందుకే శవం దొరికో, ఇంట్లో పెద్దలు కూర్చుని ఒప్పుకునో, కబురు తేలితేనే తాత చెయ్యి పడేది. ఆ పట్టింపు హార్బర్ మొత్తానికి తెలుసు. శుభాకర్ కొట్లోంచి మాల వేసిన బొమ్మ బయటికొచ్చిందంటే ఇంక అడగాల్సింది లేదు. ఆ ఇంటి ఇల్లాలి గాజులు తియ్యడానికి ఆడవాళ్ళు బయల్దేరతారు.

మా కొట్టులోకి ఏఐ ఎలా వచ్చిందంటే, ఊళ్ళో ఎవరో దానితో, చనిపోయిన తండ్రి కూతురి పెళ్ళిలో నిలబడి అక్షింతలు వేస్తున్నట్టు బొమ్మ చేసిచ్చారు. అది అందరి ఫోన్లలో తిరిగింది. మా కొట్టుకొచ్చినవాళ్ళు, "నీకాడ అలాగవుతాదా బాబూ?" అని అడగడం మొదలెట్టారు. తాతకి పౌరుషం పొడుచుకొచ్చింది. సచ్చినోళ్ళని లేపడం నా దగ్గర మొదలైంది, ఎవడో నిన్నగాక మొన్న వచ్చినోడు లేపుతాడా అని రెండు రోజులు సణిగాడు. మూడో రోజు, "అదేదో మనకీ పెట్టీవే" అన్నాడు.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోకి ఏఐతో బొమ్మలు గీయించే ప్లగిన్ ఒకటి దించాను. అది తెరవగానే ప్రొవైడర్ ఎవరు, కీ ఏది అని అడిగింది.

"ప్రొవైడరేటే?"

"కేబుల్ వాడిలాంటోడు తాతా. బొమ్మ ఇక్కడ గియ్యరు, ఎక్కడో ఉన్న ఆడి మిషను గీసి పంపుతాది. మనం ఆడి మనుషులమేనని తెలియడానికి తాళంలాగ ఒక కీ ఇస్తాడు."

ఆ కీ అంటే ఈ చివర్నుంచి ఆ చివరికి అక్షరాలూ అంకెలూ కలిపిన చిట్టడవి. నేను కాపీ చేసి అతికిస్తానంటే ఒప్పుకోలేదు. తన కొట్టు తాళం తనే తియ్యాలట. ఒంటి వేలితో కొట్టాడు. కీ చెల్లదంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చెల్లదంది. "ఆడెవడే నన్ను సెల్లనోడంతన్నాడు?" అని మిషనుని తిడుతూ టీకి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోగా నేను అతికించేశాను. తన టైపింగే పని చేసిందని ఇప్పటికీ నమ్ముతున్నాడు. దీన్ని చదివితే తెలుస్తుంది పాపం.

మొదటి ప్రొవైడర్ మర్యాదస్తుడు. నిజమైన మనుషుల మొహాలు ముట్టుకోనన్నాడు. రెండోవాడు ముట్టుకున్నాడు గానీ ఎవరినిచ్చినా తెల్లగా తోమి పంపేవాడు. అరవై ఏళ్ళు ఎండలో వలలాగిన మనిషి పౌడరు డబ్బా మీద బొమ్మలా వచ్చాడు. "ఈడి పెళ్ళామొస్తే పరాయి మగోడని తలుపేసుకుంటాది" అన్నాడు తాత. మూడోవాడు ఫర్వాలేదు, నలుపుని నలుపుగా ఉంచాడు. వాడి కీ ఉంచి మిగతావి తీసేశాం.

ఆ ప్లగిన్‌లో ఒక గడి ఉంది. ప్రతి బొమ్మకీ కలపాల్సిన మాటలు అందులో ఒక్కసారి రాసిపెట్టుకుంటే చాలు, మళ్ళీ మళ్ళీ కొట్టనక్కర్లేదు. తెలుగులో రాసినా తెలుసుకుంటుందని విని తాత పొంగిపోయాడు. ఆయన కొట్టులో పని ఎప్పుడూ ఒకటే కదా. పొద్దంతా కూర్చుని ఒంటి వేలితో రాసుకున్నాడు: మెడలో పెద్ద గులాబీ మాల. రెండు పక్కలా దీపాలు. వెనక ఆకాశం.

నాలుగైదు వారాలు ఆ గడి బాగానే పని చేసింది.

తర్వాత సూర్యకళ వచ్చింది. ఆమె భర్త అప్పలరాజు ఒక్కడే చిన్న తెప్ప మీద గేలం వేటకి వెళ్ళాడు. సాయంత్రానికి రావాల్సినవాడు మూడో రోజుకీ రాలేదు. ఆమె షట్టరు దగ్గర నిలబడి ఫోను చాపింది. తాత నోరు అలవాటు కొద్దీ అడిగేసింది.

"కబురు తేలిందామ్మా?"

"కబురేటి తాతా? బతికున్నోడి ఫొటో సెయ్యమంతన్నాను!"

తాత నాలిక కరుచుకున్నాడు. ఆమె చెప్పుకొచ్చింది. హార్బర్‌లో బోటు యజమాని పోలిరాజు తన రెండు బోట్లనీ వెతకడానికి పంపాడు. అప్పలరాజు మొహం తేటగా ఉన్న ఫొటో ఇస్తే భీమిలి నుంచి గోపాల్‌పూర్ దాకా ఉన్న వేటగాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటికీ పెడతాడు. ఏ బోటువాళ్ళయినా ఎక్కించుకుని ఉంటే, ఏ ఆసుపత్రిలోనైనా మాట పడిపోయి పడుకుని ఉంటే పోలుస్తారు.

"పెళ్ళి ఫొటో లేదా?" అన్నాను.

"ఆ పౌడరు మొగమెవులు పోలుస్తారమ్మా? ఇప్పుడు గెడ్డం ఉంది, కనుబొమ్మ మీద గాటుంది."

ఫోనులో ఉన్నది గంగమ్మ పండగప్పుడు గుంపులో తీసింది. అప్పలరాజు నవ్వుతూ కదిలిపోయాడు, బుగ్గకి ఎవరిదో చెయ్యి అడ్డం. తాత దాన్ని ప్లగిన్‌కి ఇచ్చాడు. మొదట వచ్చిన మొహంలో గాటు లేదు. మిషనుకి మచ్చలంటే పడదు. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండాలని తాత మళ్ళీ కొట్టాడు. ఆయన కంట్లో పొర ఉంది, అందుకని మొహాన్ని తెర నిండా పెద్దది చేసుకుని చూశాడు. కనుబొమ్మ నుంచి గెడ్డం దాకా, అంతే కనిపిస్తోంది. సూర్యకళ వంగి చూసి, తెర మీద వేలు పెట్టి, "ఈడే. ఈడే తాతా" అంది. పోలిరాజు నుంచి ఫోను, తొందరగా పెట్టమని. ఆమె ఒడ్డుకి పరిగెత్తింది. తాతకి తాగడానికేమైనా తెద్దామని నేను టీ కొట్టుకి వెళ్ళాను. నేను వచ్చేలోగా ఆయన బొమ్మని హార్బర్‌వాళ్ళ గ్రూపులో పెట్టేశాడు.

నేను గ్లాసు బల్ల మీద పెడుతుంటే కొట్టు ఫోను మోగింది. పూలమ్మే చిలకమ్మ. మా కొట్టులో పటం తయారైందంటే ఆమెకీ పని ఉంటుంది. స్పీకరులో గట్టిగా వినిపించింది.

"బాబూ, సెవమెక్కడ తేలింది?"

"ఎవుల సెవమే?"

"అప్పలరాజుదే కాదా? మాలేసి పెట్టినావు!"

తాత మౌస్ చక్రం వెనక్కి తిప్పాడు. మొహం చిన్నదయింది. కింద మెడ వచ్చింది. మెడ కింద తాజా గులాబీ మాల, ఒక్కో రేకు మీద నీటి బొట్టుతో సహా. అటొక దీపం, ఇటొక దీపం. వెనక ఆకాశం.

డెబ్బై దాటిన మనిషి అలా పరిగెడతాడని నాకు తెలియదు. చెప్పులు కొట్టులోనే ఉండిపోయాయి.

మేం వెళ్ళేసరికి ఒడ్డు మీద అంతా అయిపోయింది. అప్పలరాజు తల్లి పోతమ్మ ఇసకలో కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఆడవాళ్ళు నలుగురు సూర్యకళ గాజుల కోసం చుట్టుముట్టారు. ఆమె రెండు చేతులూ చంకల్లో బిగించుకుని, ఐసు పెట్టెల సందులోకి దూరి, ఎవరొచ్చినా కాళ్ళతో తన్నుతోంది. "రాలేదు! కబురు రాలేదు! నన్ను ముట్టుకుంటే సంపేత్తాను!"

తాత మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు.

"తప్పయిపోనాది. కబురేటీ రాలేదు. ఆ మాల నా తప్పు. ఆపండి."

పోలిరాజు తన ఫోనులోని బొమ్మని ఆయన ముందుకి చాపాడు.

"బాబూ, నువ్వు మాలేసినాక నానింకేటనుకోవాల? సెవం దొరికిందని భీమిలోళ్ళు నీకు సెప్పుంటారనుకున్నాను. బోట్లు రెండిటికీ వైర్‌లెస్సులో సెప్పీసినాను, తిరిగి వొచ్చీమని."

"మళ్ళీ పంపరా."

"వొచ్చేత్తన్నారు. గాలి సూడు. ఈ గాల్లో ఇంక తెల్లారేదాకా ఎవులెల్తారు?"

తాత గాలి వైపు చూశాడు. బోట్ల మీద జెండాలు తెగిపోయేలా కొట్టుకుంటున్నాయి. పోతమ్మ తలెత్తి, "ఏసిన మాల తియ్యకండి. నా కొడుకు పోయినాడు, నాకు తెలుసు" అంది. ఐసు పెట్టెల వెనక నుంచి కోడలు, "ఆయన పోయినాడంటే నీ నోరు పడిపోతాది అత్తా" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు, విడివిడిగా.

తెల్లారి బోట్లు వెళ్ళాయి. మధ్యాహ్నానికి తెప్ప దొరికింది. గేలాల బుట్ట దానికి కట్టే ఉంది. అప్పలరాజు బనియను ఒక కర్రకి ముడేసి పైకి నిలబెట్టి ఉంది, దూరం నుంచి వచ్చేవాళ్ళకి కనపడాలని. మనిషి లేడు. ముందురోజు బోట్లు వెనక్కి తిరిగిన చోటుకి అది ఎంతో దూరం కాదని బోటు నడిపే సరంగు పోలిరాజుకి మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినా తాత విన్నాడు. శవం ఈరోజుకీ రాలేదు.

పోతమ్మ ఆ మాల బొమ్మనే వేరే చోట అచ్చు వేయించి గోడకి పెట్టుకుంది. కొన్నాళ్ళకి సూర్యకళ కొట్టుకొచ్చింది. గాజులు చేతులకే ఉన్నాయి.

"ఆ మాల తీసీసి ఒకటియ్యి తాతా. మా అత్త గోడకి అది ఉండనీ. నా గోడకి నాకు కావాల."

తాత ప్లగిన్ తెరవలేదు. పాతరకంగా, మౌస్ పట్టుకుని కొంచెం కొంచెంగా మాల చెరపడం మొదలెట్టాడు. మాల కింద ఏమీ లేదు. మిషను మాలనే గీసింది, దాని వెనక మనిషిని గీయలేదు. పువ్వు పోయిన చోటల్లా తెల్లగా చిల్లు పడుతోంది.

"ఏ సొక్కా ఏసుకునేవోడమ్మా?"

"నీలం గళ్ళది. పైగుండీ ఉండదు."

తాత మెడ గీశాడు, భుజాలు గీశాడు, నీలం గళ్ళు ఒక్కొక్కటే గీశాడు. పైగుండీ గీయలేదు. రెండు రోజులు పట్టింది. ఆమె తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎదురెదురు గోడల మీద ఒకడే మనిషి, ఒక గోడ మీద పోయాడు, ఇంకో గోడ మీద ఇంకా రావాల్సి ఉంది.

కీ ఇంకా ప్లగిన్‌లోనే ఉంది. తాత దాన్ని తీసెయ్యలేదు. ఆ గడిని మాత్రం ఖాళీ చేశాడు. ఇప్పుడు ఎవరి పని వచ్చినా మాల, దీపాలు, ఆకాశం అన్నీ మొదట్నుంచి ఒంటి వేలితో కొడతాడు. పంపేముందు నన్ను పిలిచి, "పైనుంచి కిందకి ఏటేటున్నాయో సదువు" అంటాడు. నేను చదువుతాను. చదివిందే మళ్ళీ చదవమంటాడు. ఎగతాళి మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఇదంతా రాశాక ఒక్కటి మిగిలింది. ఎవరూ పైకి అడగనిది. మంచి సమయం చూసి, పక్కన స్టూలు లాక్కుని అడిగాను.

"తాతా, ఆ రోజు బోట్లు తిరిగి రాకపోతే అప్పలరాజు దొరికేవోడంటావా? లేకపోతే ఎలాగూ దొరికేవోడు కాదని రాసేయనా?"

ఆయన తెర మీంచి కళ్ళు తియ్యలేదు.

"దొరికేవోడు. అదే రాయి. ఇంకేటీ కలపకు."