ఎడ్లు లాగిన ఫట్‌ఫటి

నా ఫట్‌ఫటి చప్పుడు చేసిందంటే ఎల్లారెడ్డిలో చెట్ల మీది కొంగలు లేచి నిజాంసాగర్ దాటేదాకా రెక్క ముడిచేవి కావు. కామారెడ్డి స్టేషనులో ఆగి ఉన్న రైలింజను నా బండి కూత విని సిగ్గుతో ఆవిరి వదిలేది. ఇందులో అతిశయోక్తి అణువంత కూడా లేదు. కొంగలను అడగండి. ఆనకట్ట పని ముగించుకుని వెళ్ళిపోతున్న ఇంజనీరు దొర దగ్గర, నడవదని పక్కన పడేసిన ఆ మోటారు సైకిలును నేను తెచ్చుకుని నడిపించాను. తాలూకాలో నాలాంటివాడు ఇంకొకడు లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే నేను నమ్మను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తల్లో మా అక్కకు తొలి కాన్పు వచ్చింది. ఆమె అత్తగారి ఊరు పెన్‌గంగకు ఆవల, ఇంగ్రీజు వాళ్ళ ఏలుబడిలో ఉంది. వానలకు నది పొంగి అక్క పుట్టింటికి రాలేకపోయింది. అక్కడే కొడుకు పుట్టాడు. ఇరవై ఒకటో నాడు బిడ్డను పుట్టింటివారి తొట్టెలలో వేయాలి. అక్క అత్తగారు ముందే కబురు పంపింది. "మీ తొట్టెల రాకుంటే పోనియ్యి. మా పాత చీర ఉయ్యాల కట్టి ఏస్తం." ఆ చీర ఉయ్యాలే కట్టారంటే అక్క ముసలిదయ్యేదాకా ఆ మాట పడుతూనే ఉండాలి.

కామారెడ్డిలో వడ్రంగం చేసే వడ్ల ఆయన చేత టేకు తొట్టెల చేయించాను. మీద చెక్కిన చిలుకలు పక్క ఇంటి జామకాయల వైపు చూస్తుండేవి. రైల్లో పొమ్మన్నారు అందరూ. ఫట్‌ఫటి ఉన్న మేనమామ రైలెక్కి పోవడమా! తొట్టెలను విడగొట్టి బండి వెనక కట్టాను.

మా తల్లిని మేము అవ్వ అని, తండ్రిని బాపు అని పిలిచేవాళ్ళం. బయలుదేరేటప్పుడు అవ్వ నా జబ్బకు ఇమామ్ జామీను కట్టింది. ప్రయాణం క్షేమంగా సాగాలని రూపాయి బిళ్ళను గుడ్డలో మూటగట్టి కట్టడం మా వైపు అన్ని ఇండ్లలోనూ ఉన్నదే. తరవాత నా తలకు బాపు రుమాలు చుట్టింది. ఆ రుమాలు విప్పి పరిస్తే పిట్లం దాకా వచ్చి ఇంకా మిగులుతుంది.

"గింత బరువు దేనికే అవ్వా, మెడ ఇరుగుతది."

"ఇరిగితే మెడనే ఇరుగుతది, నెత్తి పదిలముంటది. ఉత్త నెత్తితోని సరిహద్దు నాకా కాడ నిలబడితే సర్కారోళ్ళు నిన్ను మనిషిగ జూస్తరారా?"

పెద్దకొడప్‌గల్ దాటాక బురదలో బండి జారింది. నా తల వెళ్ళి రాయికి తగిలింది. రుమాలు చెక్కుచెదరలేదు. రాయి సంగతి చెప్పలేను, తరవాత దాన్ని ఎవరూ చూడలేదు.

పెన్‌గంగ దగ్గర బండిని పడవెక్కించి అవతలి ఒడ్డున దించాను. తెల్లవారితే తొట్టెల వేడుక. అక్కడ బండ్లను ఆపి చూసే నాకా గుమాస్తా మరాఠీ కలిపిన తెలుగులో అడిగాడు.

"బీమా కాగితం ఏదీ?"

"గదేంది సాబ్?"

"నువ్వు ఎవర్నన్న గుద్దితే వాళ్ళకు ఎవరు జవాబు చెప్తరు?"

నేను ఠీవిగా చొక్కా చేయి పైకి మడిచి ఇమామ్ జామీను చూపించాను.

"అరే బాబా, అది నిన్ను కాపాడుతది. నీ బండి కింద పడ్డోణ్ని ఎవరు కాపాడాలె?"

నేను చొక్కా చేయి కిందికి దించుకున్నాను. కొత్త చట్టం వచ్చిందట. అందులో బీమా ముక్క ఇంకా అమల్లోకి రాలేదని ఆయనే చెప్పాడు.

"మరి నన్నెందుకు ఆపుతున్నరు?"

"ఎన్నడన్న అమలైతది గద. నా నాకా కాడ ఇయ్యాల్నే మొదలుపెట్టిన. ఇంజను నడిచిందో, బండి పట్టుకుంట."

"నడవకుంటే?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నడవకుంటే అది ఇనుప సామాను. సామానుకు బీమా ఎందుకు?"

అప్పుడే పడవ దిగిన ఎడ్లబండి ఒకటి అక్క ఊరి దిక్కే పోతోంది. నా ఫట్‌ఫటిని లాగమంటే బండి అతను "కట్టేతందుకు తాడు లేదన్నా" అన్నాడు. తాడు నా నెత్తి మీదే ఉందయ్యా అని రుమాలు విప్పాను. ఒక కొన ఎడ్లబండికి, ఇంకో కొన ఫట్‌ఫటికి. రాజాలాగా సీటు మీద కూర్చుని, ఎడ్లు లాగుతుంటే ఇంగ్రీజు రాజ్యంలోకి ప్రవేశించాను. దారి పొడుగునా జనం పొలాలు వదిలి వచ్చి చూశారు. లాటు దొర వచ్చినా అంతమంది రారు.

రాత్రంతా ఎడ్లు నడిచాయి, మర్నాడు పొద్దెక్కేసరికి ఇల్లు చేరాను. వాకిట్లో అక్క నన్ను చూసి చేతిలో చెంబు జారవిడిచింది. మా వైపు మగవాడు రుమాలు లేకుండా పొరుగూరు వస్తే చావు కబురు తెచ్చినట్టే.

"తమ్మీ! అవ్వకేమైందిరా? అయ్యో, నా తల్లో!"

"అవ్వ గట్టిగనే ఉన్నదే! రుమాలు ఎడ్లకు కట్టిన!"

నిచ్చెన మీద నిలబడి దూలానికి పాత చీర కడుతున్న అత్తగారు అట్లాగే ఆగిపోయింది. "మీ దిక్కు ఫట్‌ఫటికి ఎడ్లు గూడ కడ్తరా?"

"గింత పెద్ద తొట్టెలకు ఇంజనొక్కటే సాల్తదా అత్తా?"

టేకు చిలుకలను చూసింది. చీర ముడి తానే విప్పి కిందికి దిగింది. తొట్టెల బిగించాక మెత్తగా నలిగిన ఆ రుమాలునే అక్క దులిపి, మడతపెట్టి బిడ్డ కింద పరిచింది. మేనల్లుడు అందులో గురక పెట్టాడు. నా ఇంజను గురకే అది.

వెళ్ళేటప్పుడు అత్తగారే కొత్త పట్టు రుమాలు తెప్పించి కొడుకు చేత నా తలకు చుట్టించింది. "ఉత్త నెత్తితోని పోతే మీ అవ్వ నా మనుమనికి ఏమైందో అనుకుంటది" అంది.

ఎల్లారెడ్డిలో అవ్వ నా తల వంక చూసి, "బాపు రుమాలేదిరా?" అని అడిగింది.

"నీ మనుమని కింద ఉన్నదే."

అవ్వ కొంగు నెత్తిన వేసుకుని, ఆ కబురు చెప్పడానికి వాడలోని మొదటి ఇంటి తలుపు తట్టింది.