ఊరికే నడిచిన రోజు

2002లో నాకు షుగర్ ఉందని తేలింది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. మర్నాడు తెల్లవారగానే దాచేపల్లి రోడ్డున పత్తిచేల పక్కగా గబగబా నడుస్తుంటే, మా చినమావగారు మోపెడ్ ఆపారు.

"అమ్మాయ్, మావాడేమన్నా అన్నాడా?"

"లేదండీ, ఊరికే నడుస్తున్నా."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా? ముందు బండెక్కు!"

ఇంటికి తీసుకొచ్చేశారు. నేను అలిగి పుట్టింటికి పోతున్నానని ఎవరో అప్పటికే కబురు చేశారట. నోట్లో పేస్టు నురగతో మావారు వాకిట్లో నిలబడి పదిమందితో చీవాట్లు తింటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక నడకా వద్దు, ఏమీ వద్దనుకున్నాను.

మర్నాడు చూస్తే అత్తయ్యగారు చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు. "పద, నేనూ వస్తా. అత్తాకోడళ్ళు కలిసి అలిగిపోతారని ఎవరూ అనుకోరు."

ఆరేళ్ళయినా ఆ నడక మానలేదు. ఎక్కడికని ఎవరైనా అడిగితే ఇప్పుడు 'ఊరికే' అనను. 'నా కోసం' అంటాను.