సిమెంటు కొలనులో మా మామ తెప్ప

తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ పూల ప్రదర్శన పెట్టినా, పాత వస్తువుల ఎగ్జిబిషన్ పెట్టినా, మొక్కల కుండీలు మోసేది నా ట్రాలీ ఆటోనే. అందుకని నాకొక గుట్టు తెలుసు. మూడు చోట్లా ఉండేవి అవే కుండీలు. తెనాలిలో మొదటి బహుమతి కొట్టిన క్రోటన్ మొక్క పది రోజులకి రేపల్లెలో ముఖ్య అతిథి పక్కన నిలబడి ఫొటో దిగుతుంది. ఆ పై వారం బాపట్లలో 'అరుదైన జాతి' అని మెళ్ళో చీటీ కట్టించుకుంటుంది. దారిలో గోతులకి ఎగిరెగిరి పడి సగం ఆకులు రాల్చుకున్నా దాని పరపతి తగ్గదు. దాంతోపాటే నేనూ అన్ని ఊళ్ళూ తిరుగుతున్నాను గాని నాకెవరూ చీటీ కట్టలేదు.

ఈ ప్రదర్శన తోటలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు జేబురుమాలు పట్టుకెళ్ళండి, ముక్కుకి. గేటు దాటగానే నోరు తెరుచుకున్న కుందేలు ఉంటుంది. అది చెత్తబుట్ట. దాని నోట్లో తప్ప చుట్టూ అన్నిచోట్లా చెత్త ఉంటుంది, రెండు చెవుల మీదా కిళ్ళీ ఉమ్ము ఉంటుంది. తీగలు అల్లించిన ఏనుగు ఉంటుంది, వెనక కాళ్ళు ఎండిపోయి. ఫౌంటెన్ పెద్దమనిషి వచ్చిన రోజున చిమ్ముతుంది, మిగతా రోజులు దోమల్ని పెంచుతుంది. పచ్చిక ఎండిపోతోందని కిందటేడు ఒకచోట ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. దాని మీద కూడా 'గడ్డి తొక్కరాదు' అని బోర్డు పెట్టారు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణే గాని ఆ బోర్డు రాసినాయన ఎందాకా చదివాడో నాకు అంతుబట్టలేదు.

ఇంత తెలిసినవాణ్ణి నేనే, మా మామ తెప్పని అలాంటి చోటికి అప్పజెప్పాను.

మా మామ అంటే మా ఆవిడ నాన్న. రేపల్లె అవతల సముద్రం ఒడ్డు పల్లె. నలభై ఏళ్ళు చేపల వేటకి వెళ్ళాడు. పల్లెలో అందరూ ఇంజన్ పడవలకి మారినా చివరిదాకా తెప్ప మీదే వెళ్ళాడు. తెప్ప అంటే ఏం లేదు, నాలుగు తేలిక మానులు పక్కపక్కన పేర్చి, ముందొక కట్టు, వెనకొక కట్టు తాడుతో బిగించడమే. మేకుండదు, బోల్టుండదు. కళ్ళకి పొర కమ్మాక వేట మానేశాడు. ఆ నాలుగు మానుల్నీ చూరు కింద ఇటుకల మీద పెట్టి, వాటికి పక్కనే మంచమేసుకుని పడుకునేవాడు. మా అత్త పోయాక ఆయన మాట్లాడింది మాతో కంటే వాటితోనే ఎక్కువ.

బాపట్లలో ఒక తోట ఉంది, మధ్యలో పాత వస్తువుల హాలు. కిందటేడు అక్కడ కుండీలు దించుతుంటే దాన్ని చూసుకునే సార్ వచ్చి, "తీరం బతుకు అని ఒక మూల పెడుతున్నామయ్యా, పాత పడవ ఎక్కడన్నా దొరుకుతుందా" అన్నాడు. నోరు జారాను. "మా మామకి తెప్ప ఉందండి" అన్నాను. ఆ తర్వాత వారం రోజులు మా మామ చెవిలో జోరీగలా తిరిగాను. ఇక్కడుంటే చెద తింటుంది, అక్కడైతే వెయ్యిమంది చూస్తారు, మీ మనవలు వాళ్ళ పిల్లలకి చూపిస్తారు అన్నాను. చివరికి ఆయన ఒక్కటే అడిగాడు.

"మంచిగా చూసుకుంటారా అల్లుడూ?"

"నీకంటే బాగా చూసుకుంటారు మామా."

మానులు నా ట్రాలీలోనే వెళ్ళాయి. సగం చూపుతోనే, చేతి అలవాటున తడుముకుంటూ, మా మామ తోటలో వాటిని పేర్చి తన కొబ్బరితాడుతోనే కట్టాడు. పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఫొటోలు తీశారు, శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకునే ఇంటికొచ్చాడు, ఎండాకాలమైనా.

తర్వాత ఆ తోటకి నేను రెండుసార్లు కుండీలు వేసుకెళ్ళాను. మొదటిసారి వెళ్ళేసరికి తెప్ప కోసం సిమెంటు కొలను కట్టి అందులో దింపారు. రెండోసారికి దాని మీద సిమెంటు మనిషిని ఎక్కించారు. మనిషి ఒళ్ళు గులాబీ రంగు, నల్ల మీసం, ఫుల్ ప్యాంటు, చేతిలో గాలం. సముద్రం మీద ప్యాంటేసుకుని గాలంతో కూర్చున్న జాలరిని చూసి నాకు నవ్వొచ్చింది గాని, తెప్ప నీళ్ళలో ఉంటే తప్పేంటి అనుకున్నాను. నీళ్ళ కోసం పుట్టిందేగా. పల్లెకి వెళ్ళినప్పుడు, "నీ తెప్ప దర్జాగా ఉంది మామా" అని చెప్పాను. ఆ గులాబీ మనిషి సంగతి చెబితే బాధపడతాడని ఇంకేం చెప్పలేదు.

ఈమధ్య మా ఆవిడ ఆయన్ని తెనాలిలో మా ఇంటికి తీసుకొచ్చి ఒక కంటికి పొర తీయించింది. కట్టు విప్పాక ఆయన మొదట మా ఆవిడ మొహం చూసి "ఇంత చిక్కిపోయావేంటే" అన్నాడు. రెండోది, "తెప్పని చూడాలి" అన్నాడు. నెల దాకా కంట్లో చుక్క నీరు పడకూడదు, దుమ్ము పడకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. పదిహేను రోజులు ఆపాం. పదహారో రోజున నాకు బాపట్ల తోటకి కుండీల లోడు పడింది, మర్నాడు అక్కడ పూల ప్రదర్శన మొదలు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, తల దువ్వుకుని, నాకంటే ముందు బండెక్కి కూర్చున్నాడు మా మామ.

ముందు హాల్లోకి వెళ్ళాం. రుబ్బురోలు, కవ్వం, సత్తు క్యారేజీ అద్దాల వెనక ఉన్నాయి. కవ్వం కింద 'పూర్వీకుల మజ్జిగ సాధనం' అని రాసుంది.

"పూర్వీకులెవర్రా? పొద్దున నీ పెళ్ళాం దీంతోనే గదా మజ్జిగ చేసింది" అన్నాడు మా మామ.

"మెల్లగా అను మామా, వింటే దాన్నీ అద్దంలో పెడతారు."

మురిసిపోయి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడే.

హాలు వెనక కొలను. కనిపించకముందే కంపు కొట్టింది. కుళ్ళిన నాచు, ఎవరో పారేసిన పులిహోర, చచ్చిన ఎలక, అన్నీ ఎండకి కలిసి ఉడుకుతున్నాయి. నీళ్ళు నీళ్ళలా లేవు, పాలకూర పప్పులా ఉన్నాయి. పైన చిప్స్ ప్యాకెట్లు, టీ కప్పులు, ఒక చిన్నపిల్ల చెప్పు. పేపర్ ప్లేట్లు నాని మానులకి అతుక్కుని ఉన్నాయి. సిమెంటు మనిషి బరువుకి తెప్ప ఒకవైపు ములిగిపోయింది. మానులు నల్లగా, జిగటగా, జలగ ఒంటిలా ఉన్నాయి. నేను మొదట చూసినప్పుడు తేనె రంగులో ఉన్న కర్ర అది.

మా మామ గట్టు మీద కూర్చుని, చెయ్యి చాచి, దగ్గరున్న మానుని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"దీన్ని ఎప్పుడు విప్పారు?" అని వాచ్‌మన్ని అడిగాడు.

"విప్పడమేంటి బాబాయ్?"

"విప్పి ఆరేయలేదా?"

"ఎందుకండీ? తాళ్ళు బాగానే ఉన్నాయిగా."

మా మామ నావైపు తిరిగాడు. నేనూ విప్పడం ఎందుకనే అడుగుతానేమోనన్న భయం ఆయన మొహంలో కనబడింది. నాకూ తెలీదనే సంగతి నా మొహంలో కనబడి ఉంటుంది.

"పొద్దున కడతాం. వేటనించి రాగానే విప్పుతాం, దేనికది ఇసకలో ఆరేస్తాం. మళ్ళీ పొద్దున కడతాం. రోజూ అంతే. ఒక్క పూట కట్టి ఉంచినా మాను నీళ్ళు తాగుద్ది. ఆ రోజు నేను కట్టింది ఫొటో కోసం. సాయంత్రానికి వీళ్ళు విప్పుకుంటార్లే అని వచ్చేశాను. ఇది ఒకళ్ళకి చెప్పే సంగతా అల్లుడూ? మా పల్లెలో నాలుగేళ్ళ పిల్లకి తెలుసు."

ఈలోపు సార్ వచ్చాడు. విషయం విని నొచ్చుకున్నాడు, మా మీద.

"మేం ఒక్క ముడి కూడా ముట్టుకోలేదు పెద్దాయనా. మీరెలా కట్టిచ్చారో అచ్చం అలాగే కాపాడాం" అన్నాడు, మెచ్చుకోమన్నట్టు.

"అదేనండి నాశనం చేసింది. ఇప్పుడన్నా విప్పండి."

"రేపు ప్రారంభం. జనం ఫొటోలు దిగేది ఇక్కడే. విప్పితే ఇది తెప్పెలా అవుతుంది? నాలుగు దుంగలు." ఒక్క క్షణం ఆలోచించి, "ఒక పని చేద్దాం. రేపు మీరు వల పట్టుకుని దీని పక్కన నిలబడండి. బతికున్న జాలరి ఉంటే జనానికి బాగుంటుంది" అన్నాడు.

"చీటీ ఏమని కడతారండీ మెళ్ళో, అరుదైన జాతి అనా?" అన్నాను నేను.

సార్ నా మొహం చూశాడు. "నువ్వు కుండీలు దించుకో. రేపట్నించి నీ బండి రానక్కర్లేదు."

మేం మాట్లాడుకుంటూ ఉండగానే మా మామ చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా మీద పెట్టాడు. పంచె ఎగ్గట్టాడు. ఆ నీళ్ళు ఒక్క చుక్క ఎగిరి కంట్లో పడితే, మళ్ళీ చూపనే మాట లేదు. నేను రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకున్నాను.

"వదులు. అది నా తెప్ప."

"కన్ను నీ కూతురిది. నేను దిగుతాను, నువ్వు చెప్పు."

దిగాను. మోకాళ్ళ దాకా అడుసు. కాలి కింద మెత్తగా ఏదో నలిగింది, అదేంటో ఈరోజుకీ తెలుసుకోదలచుకోలేదు. చేత్తో కదిపేసరికి అడుగు కంపు పైకి లేచి ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కింది. పొద్దున తిన్న ఇడ్లీ గొంతుదాకా వచ్చి వెళ్ళింది. ముందుగా గులాబీ జాలరిని ఒక తోపు తోశాను. గాలంతో సహా వెల్లకిలా పడ్డాడు. సార్ "ఒరేయ్" అన్నాడు గాని గట్టు దిగలేదు. ఆ నీళ్ళలోకి దిగే ధైర్యం జీతానికి వచ్చేది కాదు.

మా మామ గట్టు మీద, చూపున్న కంటిని కూడా మూసుకుని చెబుతున్నాడు.

"వెనక కట్టు పట్టుకో. అడుగునించి చెయ్యి పోనీ. మూడో చుట్టు కింద కొస ఉంటుంది. లాగకు, ముందు తొయ్యి. తోస్తే వదులవుద్ది, లాగితే చచ్చినా రాదు."

తాడు ఉబ్బి, కుళ్ళిన పేగులా ఉంది. తోశాను. జిగట మోచేతుల దాకా పాకింది. ఒంటి మీదికి ఏవో చిన్న పురుగులు ఎక్కుతున్నాయి, దులుపుకుందామంటే రెండు చేతులూ లోపలే ఉన్నాయి. చాలాసేపటికి కొస కదిలింది. ముందు కట్టూ అలాగే తోసి విప్పాను. అదీ విడిపోగానే నాలుగు మానులూ ఒకదాన్నొకటి అసహ్యించుకున్నట్టు విడివిడిగా జరిగాయి.

"ఇహ దుంగలే. దుంగలు నాకెందుకు, పట్టుకుపోండి" అన్నాడు సార్.

వాచ్‌మన్ మాత్రం ప్యాంటు మడుచుకుని ఒక చెయ్యి వేశాడు. నాలుగింటినీ గట్టు మీదికి లాగాం. మా మామ ఒక్కోదాని పక్కనా కూర్చుని నా బండిలోని స్క్రూడ్రైవరు గుచ్చి చూశాడు. మొదటిది, పిడి దాకా దిగింది. రెండోదీ అంతే. మూడోది గుచ్చకుండానే విరిగింది, లోపల బురద. నాలుగోది గట్టువైపు పైకి తేలి ఉన్నది. అందులో వేలెడు దిగి ఆగింది. మళ్ళీ గుచ్చాడు. టక్కుమంది.

"ఇదొక్కటి ఎక్కించు" అన్నాడు.

కుండీలు దించేసి దాన్ని బండిలో ఎక్కించాను. మిగతా మూడూ అక్కడే వదిలేశాం. మర్నాడు వాటి పక్కన కూడా ఎవరో ఒకరు ఫొటో దిగే ఉంటారు.

తెనాలి వైపు కాకుండా తన పల్లెవైపు పోనివ్వమన్నాడు. నేను రెండుసార్లు "తప్పయిపోయింది మామా" అన్నాను, వినబడనట్టు రోడ్డు చూస్తున్నాడు. దారిలో కర్లపాలెంలో టీకి ఆగితే కొట్టాయన, కొలను బురదతో కంపు కొడుతున్న నన్ను చూసి గ్లాసు ఇవ్వకుండా, కాగితం కప్పులో పోసి దూరంగా బల్ల మీద పెట్టి, "అక్కడ తాగండి, ఏమనుకోకండి" అన్నాడు. అప్పుడు నోరు విప్పాడు మా మామ.

"గ్లాసులోనే పొయ్యండి. మా అల్లుడు."

కొట్టాయన పోశాడు. మా మామ తన టీ తాగుతూ, బండిలోని మాను వైపు చూసి, "ఒక్క మాను మీద సముద్రంలోకి పోలేం. ఇంటి ముందు వేస్తే కూర్చోటానికి పనికొస్తుంది. రోజూ ఎండవైపు తిప్పాలి, నేను పోయాక నువ్వు తిప్పు" అన్నాడు.

"తిప్పుతాను మామా. చెప్పకపోయినా తెలుసులే అనుకోకుండా ఇప్పుడే చెప్పావు, బతికించావు."

పొద్దుగూకక ముందే చేరాం. మానుని ఇసకలో రెండు ఇటుకల మీద పెట్టి, అరచేత్తో ఒళ్ళంతా తుడిచాడు. అలిసిపోయి నేను దాని చివర కూర్చోబోతే మోచెయ్యి పట్టి లేపాడు.

"ముందు పోయి స్నానం చెయ్యి. రెండుసార్లు" అన్నాడు.