నాన్న చెప్పకుండా దాటేసిన స్టేషను

నాకు హిప్నాటిజం వచ్చని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. రెండువేల మూడో నాలుగో సంవత్సరం, రాయపూర్‌లో ఎమ్మే సైకాలజీ చదువుతున్న రోజులు. పాఠంలో ఒక ముక్క నన్ను పట్టేసింది. మనిషిని హిప్నటైజ్ చేసి, "లేచాక ఆ గొడుగు తెరువు" అని చెబితే, మెలకువ వచ్చాక నిజంగానే తెరుస్తాడట. ఎందుకు తెరిచావయ్యా అంటే, చిల్లులున్నాయేమో చూశానంటాడట. అబద్ధమాడటం లేదు, ఆ కారణాన్ని తనూ నమ్ముతాడు. మన మనసులో మనకే తెలియని గది ఒకటుందనడానికి మనోవిశ్లేషణ వాళ్ళకి మొదట్లో దొరికిన సాక్ష్యం అలాంటిదే. అది చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

నాన్న బొగ్గు మోసే గూడ్సు బండి డ్రైవరు. విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడి రైల్వే కాలనీలో స్థిరపడ్డాడు. పాసింజరు బండికి ప్రమోషన్ రెండుసార్లు వస్తే రెండుసార్లూ వద్దని రాసిచ్చాడు. మొదటిసారి మోకాలి నొప్పన్నాడు. రెండోసారి అమ్మకి బీపీ అన్నాడు. అమ్మ బీపీకీ పాసింజరు బండికీ సంబంధమేమిటో ఏ డాక్టరూ చెప్పలేడు. ఇప్పుడు మూడో కాయితం వచ్చింది, సోమవారంలోగా జవాబివ్వాలి. తన వెనక చేరినవాళ్ళు ముందుకెళ్ళిపోతుంటే నాన్న లోలోపల నలిగిపోతున్నాడని మాకు తెలుసు.

"ఈపాలి కూడా ఒద్దంటే ఇంక బొగ్గుతోనే రిటైరైపోతారు," అని అమ్మ దిగులు పడింది.

శుక్రవారం సాయంత్రం దివాన్ మీదున్న ఉతికిన బట్టలు తీసేసి నాన్నని పడుకోబెట్టాను. అమ్మ బీరువా తాళాలగుత్తి ఆయన కళ్ళ ముందు ఊపుతూ, గొంతు తగ్గించి మొదలెట్టాను.

"నీ కళ్ళు బరువెక్కుతున్నాయి."

"కళ్ళు బరువెక్కుతున్నాయి!" అన్నాడు నాన్న గట్టిగా, తాళాలవైపు వేలు చూపిస్తూ.

ఇంజన్లో పద్ధతి అది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు వేలు చూపించి రంగు పలకాలి, డ్రైవరు అదే మాట తిరిగి పలకాలి. పాతికేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! "నిద్ర వస్తోంది," అన్నాను. "నిద్ర వస్తోంది!" అని కేకేసి లేచి కూర్చున్నాడు.

"మీ నాన్నని నిద్రపుచ్చతానని ఇద్దరూ కలిసి బండి తోలతన్నారేటే?" అంది అమ్మ వంటింట్లోంచి.

మర్నాడు కాలేజీలో మా మేడమ్‌కి చెబితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మనోవిశ్లేషణ మొదలెట్టిన పెద్దాయనకి కూడా హిప్నాటిజం అందరిమీదా పనిచేయలేదట. అందుకే అది మానేసి, రోగిని మెలకువగానే ఉంచి మాట్లాడించడం మొదలెట్టాడట. "నిద్రపుచ్చితే లోపల ఏది అడ్డం పడుతోందో తెలియకుండా పోతుంది. ఆ అడ్డమే అసలు సంగతి. మీ నాన్నగారిని మాట్లాడనివ్వు. ఎక్కడ దాటేస్తారో అక్కడ ఆగు," అన్నారు.

ఆదివారం పొద్దున్న మళ్ళీ దివాన్ ఖాళీ చేశాను.

"నాన్నా, ఈసారి నిద్రొద్దు. కళ్ళు మూసుకుని రాయపూర్ నుంచి భాటాపారా దాకా బండి తోలు. కనబడిందల్లా పలుకు, ఏదీ ఏరకు."

తోచిందల్లా చెప్పు, ఏదీ ఏరకు అనేది మనోవిశ్లేషణలో మొదటి నియమం. మా ఇంట్లో అది ఇంజన్ ఉద్యోగం. నాన్న హుషారుగా బయల్దేరాడు. ఉర్కురా గ్రీన్ అన్నాడు, మాంఢర్ గ్రీన్ అన్నాడు, సిల్యారీలో ఎల్లో పడితే స్పీడు తగ్గించాడు. బైకుంఠ్ గ్రీన్. హథ్‌బంద్ గ్రీన్.

"నాన్నా, బైకుంఠ్ తర్వాత తిల్దా ఏదీ?"

"సెప్పీసాను కదమ్మా."

"లేదండీ, సెప్పలేదు. నానూ విన్నాను," అంది అమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి కూర్చుంటూ.

వారానికి నాలుగుసార్లు ఆ స్టేషన్ మీంచే వెళ్ళే మనిషి. కళ్ళు తెరవకుండానే మొదలెట్టాడు.

"అప్పుడు నాను కొత్త అసిస్టెంటుని. తిల్దాలో మా బొగ్గు బండి ఎనకొచ్చే బండికి దారిచ్చి లూపు లైన్లో ఆగుంది. పక్కన మెయిన్ లైనుకి గ్రీన్ పడ్డాది. మాదే అనుకుని పలికీసాను. ఉస్తాద్ కూడా తిరిగి పలికి బండి కదిపీసాడు. నాలుగడుగులు ఎల్లాక ఆయనే సూసుకుని బ్రేకేసాడు. అంతలో పక్కనుంచి పాసింజరు ఎల్లిపోనాది. కిటికీల నిండా జనం. ఎవరిదో పిల్ల ఏడుపు."

ఉస్తాదంటే నాన్నకి పని నేర్పిన పెద్ద డ్రైవరు. ఆ వేళ నాన్న చేతిలో టీ పెట్టి, "కోయలా రోతా నహీ, బేటా" అన్నాడట. మన బండిలో ఉన్నది బొగ్గు, బొగ్గు ఏడవదు, భయపడకు అని.

నాకు గొడుగు గుర్తొచ్చింది. నేను తాళాలు ఊపకముందే, ఎన్నో ఏళ్ళ కిందటే, ఆ ఉస్తాద్ ఒక్క కప్పు టీతో మా నాన్నని హిప్నటైజ్ చేసేశాడు. పాపం, ధైర్యం చెబుదామనే అన్నాడు. భయపడ్డ మనసులోకి అది ఆజ్ఞలా దిగింది: ఏడవని సరుకే తోలు. మోకాలూ బీపీ అన్నీ గొడుగు చిల్లులే. పాఠం రుజువైందని నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాన్న మొహం చూసి సిగ్గుపడ్డాను.

"మోకాలు నిజంగానే నొప్పెట్టీదమ్మా," అన్నాడు అమాయకంగా.

అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "ఆ పిల్ల ఆకలేసి ఏడ్చుంటాది. మీ బొగ్గు బండిని సూసి ఏడ్చిందనుకున్నారా?" అంది.

నాన్న కళ్ళు తెరిచి అమ్మకేసి చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టి ఆపలేకపోయాడు. నా రెండేళ్ళ ఎమ్మే ఆ ఒక్క మాటకి సరిపోలేదు. సోమవారం వెళ్ళి సరేనని సంతకం పెట్టి వచ్చాడు.

కొన్ని నెలల తర్వాత నాన్న నడిపే పాసింజరులో అమ్మా నేనూ రాయపూర్‌లో ఎక్కాం. తిల్దాలో బండి ఆగగానే దిగి ఇంజన్ దగ్గరికి పరిగెత్తాను. మొదటి పెట్టెలో ఒక చంటిపిల్ల ఊరంతా వినబడేలా ఏడుస్తోంది. నాన్న కిటికీలోంచి ఒళ్ళంతా బయటికి వంచి, ఆ పెట్టెకేసి వేలు చూపించి, "ఏడుపు!" అని పలికాడు.

అసిస్టెంటు బిలాస్‌పూర్ ఆయన, తెలుగు ముక్క రాదు. అలవాటు కొద్దీ తనూ వేలు చూపించి "ఏడుపు!" అన్నాడు.

"ఆకలేస్తున్నాదేమో, మీ అమ్మనెల్లి సూడమను," అని నాన్న సిగ్నల్ వైపు తిరిగాడు.