ఆర్టిస్టు పెట్టెలోని పనిముట్లు

దయ్యాలంటే నాకు భయం లేదు, ఎందుకంటే నమ్మకమే లేదు. శ్మశానం పక్క దారిలో సైకిల్ మీద పాటలు పాడుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పటికీ అంతే. కానీ హుజూరాబాద్‌లో మా విమలక్కకు పట్టపగలు జరిగినదాన్ని మాత్రం ఏ లెక్కలో వేయాలో తెలియదు.

తొంభైలలో కంప్యూటర్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్నాయి. అక్కా నేనూ కలిసి డీటీపీ సెంటర్ పెట్టాం. అద్దెకు దొరికిన గది అంతకుముందు ఒక ఆర్టిస్టుది. సైన్‌బోర్డులు, సినిమా స్లైడ్లు, సబ్బుల లేబుళ్లు గీసేవాడట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్యే ఆ గది ఓనరు. అందరూ ఆమెను రాజవ్వ అనేవాళ్లు, మేమూ అంతే.

ఒకరోజు అటక దులుపుతుంటే రేకుపెట్టె దొరికింది. అందులో ఏది దేనికో మాకు అంతుబట్టలేదు. పక్క షాపు టైలర్ రాజేశం కూడా వచ్చి కూర్చున్నాడు.

వంపులు తిరిగిన ప్లాస్టిక్ బద్దను చూడగానే అతను గంతేశాడు. "గిది మాదే! జాకెట్ మెడ గీసెటందుకు."

రెండు ఉక్కు ముక్కులు, వాటిని బిగించే మర ఉన్న పెన్నులాంటిదాన్ని నేను ముల్లు తీసే చిమ్టా అన్నాను. నున్నటి ఎముక బద్దేమో నాలుక గీసుకునేదన్నాను. ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు బిళ్లలున్నాయి, అంచుల నిండా అంకెలు. అక్క వాటిని తిప్పి, "ఇది పంచాంగం చెప్పెటోళ్లది. నీకు పెండ్లి యోగం లేదంటుందిరా" అంది. కడుపుబ్బ నవ్వుకున్నాం.

అంతలో జమ్మికుంట నుంచి ఒకాయన వచ్చాడు. రిటైరవుతున్న సారుకు సన్మానపత్రం కావాలి, సాయంత్రమే సభ. మాకు అదే మొదటి ఆర్డరు. కంప్యూటర్ ముందు కూర్చున్నామో లేదో కరెంటు పోయింది. ఎంతకీ రాలేదు.

"మాకు అక్షరాలు నేర్పిన సారు. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె?" అన్నాడాయన.

అక్క లేచి నన్ను నల్ల ఇంకు బుడ్డి తెమ్మంది. నేను వచ్చేసరికి పెద్ద అట్ట పరుచుకుని కూర్చుంది. ఆయన తెచ్చిన చిన్న నమూనా కార్డును కొలిచి, బిళ్లలు తిప్పి, పెద్ద అట్ట మీద ఏది ఎంత రావాలో చుక్కలు పెట్టుకుంది. ఉక్కు ముక్కుల మధ్య ఇంకు వేసి, మర బిగించి వెంట్రుకంత గీత గీసింది. మర వదులు చేసి లావు గీత గీసింది. పెట్టె అడుగున ఉన్న బంగారు కాగితం అంచులుగా అంటించి ఎముక బద్దతో రుద్దింది.

తర్వాత అక్షరాలు. మా అక్క రాత కోడి గెలికినట్టుంటుంది. ఆ రోజు అచ్చు గుద్దినట్టు దిగాయి. అదీ ఎడమచేత్తో. ఆమె పుట్టినప్పటి నుంచీ కుడిచేతి మనిషి.

మిగిలిన ఇంకుతో ఒక అట్టముక్క మీద "చిలకమ్మ" అని రాసి, పక్కన చిన్న చిలుకను కూడా గీసింది.

"ఎవలక్కా గీ చిలకమ్మ?" అన్నాను.

"ఏమో. ఇంకు మిగిలింది" అంది.

జమ్మికుంట ఆయన పత్రాన్ని పసిపిల్లలా ఎత్తుకుని బస్సెక్కాడు.

కాసేపటికి రాజవ్వ మాకు కరెంటు వచ్చిందో లేదో చూడ్డానికి వచ్చింది. అట్టముక్క చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గీ పేరు మీకెవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదన్నాం. రాజేశం ఎడమచేతి సంగతి చెప్పాడు. "గాయినది గూడ ఎడమచెయ్యే" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిలకమ్మా అని గాయిన ఒక్కడే పిలిచేటోడు. అది గూడ తలుపేసుకున్నంకనే."

అక్క చేతిలోని పెన్నును గభాలున పెట్టెలో పడేసింది. రాజవ్వ మాత్రం పకపకా నవ్వింది.

"ఊరందరికి బోర్డులు రాసిండు. నాకొక్కటి రాయయ్యా అంటె ఇయ్యాల రేపు అనుకుంటనే పోయిండు. గిప్పటికి తీరిక దొరికినట్టుంది!"

అట్టముక్కను తీసుకెళ్లి తన తలుపుకు కొట్టించుకుంది.

మర్నాడు అక్క అదే పెన్నుతో రెండు చేతులా ప్రయత్నించింది. మరకలే. "జమ్మికుంటాయిన మొకం జూస్తె ఊకోబుద్ది గాలే. చెయ్యి దానంతటదే పోయింది" అంటుంది, అంతే.

పనిముట్ల వాడకం చిన్నప్పుడు ఎక్కడో చూసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ మూసిన తలుపు వెనక ఒక మనిషి తన భార్యను పిలుచుకున్న పేరు మా అక్క చేతికి ఎలా చేరిందో, ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.