గోడ వైపు తిప్పిన కుర్చీలు

ఆ మధ్యాహ్నమే హైదరాబాద్‌లో అమ్మకి గుండె ఆపరేషన్. నన్ను చూడందే థియేటర్‌లోకి పోనని మొండికేసి కూర్చుంది మహాతల్లి. పోలియో కాలికి ఇనుప పట్టీల కాలిపర్ తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని రోజూ ఢిల్లీ బస్సులెక్కి ఆఫీసుకెళ్ళేదాన్ని, ఎయిర్‌పోర్టులో నాకు వీల్‌ఛైర్ దేనికని అన్నయ్యతో ఫోన్లో పోట్లాడాను. "తొందరగా ఎక్కిస్తారే, నోరు మూసుకుని కూర్చో" అన్నాడు. కూర్చున్నాను.

కూర్చున్న క్షణం నుంచి నేను మాయమైపోయాను. కౌంటర్లో అమ్మాయి నా తల మీదుగా కుర్చీ తోసే అతన్ని అడిగింది, మేడమ్‌కి కిటికీ సీటు కావాలా అని. నా వెనకున్న అతని మొహం నేను సరిగ్గా చూడనే లేదు. సెక్యూరిటీలో ఇనుము మోగుతుందని కాలిపర్ విప్పించారు. దాన్నీ, కర్రనీ, బోర్డింగ్ పాస్‌నీ అతనే పట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు ఇస్తానన్నాడు.

పొగమంచుకి విమానాలన్నీ ఆలస్యం. అతను నన్ను ఒక మూలకి తోసుకెళ్ళి, గోడ వైపు తిప్పి, బ్రేక్ వేసి వెళ్ళిపోయాడు. అప్పుడు చూశాను. అటూ ఇటూ ఇంకా కుర్చీలు, అన్నీ గోడకి ఎదురుగానే. కాళ్ళు పెట్టుకునే పలకలు నడిచేవాళ్ళకి అడ్డం రాకూడదు కాబోలు. అన్నిట్లోనూ ముసలివాళ్ళు, కదలకుండా. పక్కనున్న పెద్దావిడ తల మీదుగా కప్పుకున్న శాలువా అచ్చం నాలాంటిదే, సరోజినీ నగర్ బజారు సరుకు. చలికి నేనూ తల మీదికి లాక్కున్నాను. "ఆంటీజీ, వచ్చి ఎంతసేపైంది?" అని హిందీలో అడిగాను. ఆవిడ గోడనే చూస్తోంది.

ఆ గోడ నున్నటి నల్లరాయి. వెనక నడిచే జనం అందులో మసగ్గా కనిపించి పోతున్నారు. మా వరస కూడా కనిపించింది, కానీ అందులో నేనెవరో పోల్చుకోలేకపోయాను. చెయ్యి ఎత్తాను. రాతిలో లేచిన చెయ్యి పక్క కుర్చీలోంచి లేచినట్టుంది. భయం వేసింది, అబద్ధమెందుకు.

ఇంతలో వెనక బ్రేక్ తీసిన చప్పుడు. హమ్మయ్య అనుకున్నాను. కదిలింది నా కుర్చీ కాదు. పెద్దావిడ కుర్చీ నా పక్కనుంచి వెనక్కి జరిగింది, దాని పిడికి వేలాడుతూ నా కాలిపర్. పిలిచేలోపల జనంలో కలిసిపోయింది.

"భయ్యా" అని కేకేశాను. వెనక ఎవరివో అడుగులు ఆగాయి. "మీ మనిషి వస్తాడు మేడమ్" అని మళ్ళీ సాగాయి. ఇంకొకర్ని పిలిచాను. అదే మాట, దాదాపు అదే గొంతు. అవి చేత్తో తిప్పుకునే చక్రాలు కావు, ఎవరో తోస్తేనే కదిలే చిన్న చక్రాలు. మైకులో హైదరాబాద్ విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది.

కాలిపర్ వచ్చాక నేను ఏనాడూ పరాయి మనుషుల ముందు పాకలేదు. చచ్చినా పాకకూడదనుకున్నాను. అక్కడ అమ్మ తలుపు వైపే చూస్తూ ఉంటుంది. కుర్చీలోంచి కిందికి జారాను. చల్లటి నేల మీద రెండు చేతులూ ఆనించి, కాలు ఈడ్చుకుంటూ గేటు వైపు పాకాను. పక్కన దొర్లుతున్న సూట్‌కేసులు ఆగిపోయాయి, మాటలు ఆగిపోయాయి. అప్పుడు కనిపించాను అందరికీ.

గేటు దగ్గర వాకీటాకీలో ఎవరో "వీల్‌ఛైర్ మేడమ్ ఎప్పుడో ఎక్కేసింది" అంటున్నారు. ఆ మేడమ్ నేనేనని అరిచాను. నన్ను ఎత్తి విమానంలోకి తీసుకెళ్ళారు. నా సీట్లో ఆ పెద్దావిడ బెల్టు పెట్టుకుని కూర్చుంది, ఒళ్ళో నా కాలిపర్. నన్ను చూసి ఏ ఆశ్చర్యమూ పడలేదు. ఆవిణ్ణి దింపి తీసుకెళ్ళిపోయారు. ఆవిడెవరో, ఏ ఊరు వెళ్ళాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఆస్పత్రికి చేరేసరికి అమ్మని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి నా కోసమే ఆపారు.

"ఎలా వచ్చావే?" అంది.

"కుర్చీలో, మహారాణిలా" అన్నాను.

అమ్మ నా సల్వార్ మోకాళ్ళ మీది నల్లటి మట్టి చూసింది. చిన్నప్పుడు రోజూ ఆ మట్టి ఉతికిన మనిషి. చెయ్యి చాచి దులపడం మొదలుపెట్టింది, స్ట్రెచర్ కదిలేదాకా దులుపుతూనే ఉంది.