మామగారి తల వెడల్పు

మా నాన్నకి కలప అడితి ఉండేది. అందులో పెరగడం వల్ల నా చదువు ఎనిమిదో తరగతి దగ్గర ఆగినా లెక్క ఆగలేదు. దుంగ పొడుగూ చుట్టుకొలతా చెబితే ఎన్ని ఘనపుటడుగులో నోటితో చెప్పేదాన్ని. పెళ్ళై యానాం వచ్చాక దుంగలు లేవు గానీ అలవాటు ఉండిపోయింది. బీరువా కొనాలన్నా పరుపు కొనాలన్నా ముందు నా టేపు బయల్దేరేది, వెనకాల నేను.

ప్రొజెక్టర్ వ్యవహారం మామగారి కళ్ళతో మొదలైంది. రెండు కళ్ళకీ ఆపరేషన్లయినా చూపు సరిగా రాలేదు. ఇక అద్దాలు మార్చి లాభం లేదనీ, చూసేది పెద్దగానైనా ఉండాలి, దగ్గరగానైనా ఉండాలనీ కాకినాడ డాక్టరు తేల్చేశాడు. మామగారు దగ్గర్నే ఎంచుకున్నారు. మా ఇరవై ఒక్క అంగుళాల టీవీకి అడుగు దూరంలో కుర్చీ వేసుకున్నారు. ఆయనకి బొమ్మ కనబడేది, మాకు ఆయన బట్టతల కనబడేది.

ఓ క్రికెట్ రోజున మావారు ఉండబట్టలేకపోయారు. "నాన్నగారూ, స్కోరు మీ గుండు మీదేమన్నా పడతాదేమోనని చూస్తున్నానండి. పడట్లేదు."

మామగారు నవ్వారు. మర్నాడు కుర్చీ వరండాలోకి వెళ్ళిపోయింది.

"నేను వినేస్తాన్లే అమ్మాయ్. మాటలు వింటే కథ తెలిసిపోద్ది కదా" అన్నారు నాతో.

సీరియల్లో ఎవరూ మాట్లాడని చోట, "ఇప్పుడేమైందమ్మా?" అని వరండాలోంచి వినబడేది. నేను చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం కూడా మానేశారు. అది నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది. మావారు రెండుసార్లు బతిమాలారు. "ఇక్కడ గాలి బావుందిరా" అని ఆయన కదల్లేదు.

కుర్చీ లోపలికి రావాలంటే ఎవరికీ అడ్డం కాని చోటు ఒకటి ఆయనకి చూపించాలి. కూర్చుని లెక్క వేశాను. అడుగు దూరానికి ఇరవై ఒక్క అంగుళాలు సరిపోతే, మూడడుగులకి మూల నుంచి మూలకి అరవై మూడు కావాలి. ఆయన మూడడుగుల్లో, మేం తొమ్మిదడుగుల్లో కూర్చుంటాం. ఆయన తల వెడల్పు ఎనిమిదంగుళాలు, మధ్యాహ్నం నిద్రలో ఉండగా కొలిచాను. మా కళ్ళకి అది తెర మీద పన్నెండంగుళాలు కప్పుతుంది. తెర వెడల్పేమో యాభై. అంటే ముప్పావు వంతుకి పైగా బొమ్మ మాకు మిగులుతుంది. అప్పట్లో అంత టీవీ కొనాలంటే ఇల్లు అమ్మాలి. మాది అద్దె ఇల్లు. అందుకని ప్రొజెక్టర్.

సాయంత్రమైతే కాకినాడ వాళ్ళు యానాం వస్తారు, ఎందుకో మా బ్రాందీ కొట్లకి తెలుసు. మేం వాళ్ళకి ఎదురెళ్ళి కాకినాడలో దిగాం. కొట్లో మూడు రకాలున్నాయి.

"ఇది తీసుకోండమ్మా, రెండువేల ల్యూమెన్లు. పట్టపగలు కిటికీలు తీసినా కనబడతాది" అన్నాడు కొట్టాయన.

"ల్యూమెన్లంటే?"

"వెలుతురమ్మా."

"సీరియల్ రాత్రిపూట వస్తుంది. కిటికీలు దోమలకే మూసేస్తాం. లోపలి దీపం ఎన్ని గంటలు మన్నుతుంది?"

"దీనికి రెండువేలమ్మా. ఆ పక్కదానికి మూడువేలు గానీ, వెలుతురు తక్కువండి."

"నలుపు దేంట్లో నల్లగా ఉంటుంది?"

"కాంట్రాస్టా అమ్మా? అదీ పక్కదాంట్లోనే ఎక్కువండి."

మొహమూ జుట్టూ విడివిడిగా తెలిస్తేనే మామగారికి ముక్కెక్కడుందో అందుతుంది. పక్కదాన్ని వెలిగించమన్నాను. లోపలి ఫ్యాన్ చప్పుడు చెవి పెట్టి విన్నాను. గోడ మీద బొమ్మ యాభై అంగుళాలయ్యేదాకా బల్లని వెనక్కి జరిపించి టేపు తీశాను. ఏడున్నర అడుగులు.

కొట్టాయన మావారి వైపు తిరిగి, "తమరేం చేస్తుంటారండి?" అన్నాడు.

"టేపు రెండో కొస పట్టుకుంటానండి" అన్నారు మావారు.

మూడువేల గంటలదే కొన్నాం. ఇంటికొచ్చి హాల్లో గోడకి ఏడున్నర అడుగుల్లో బల్ల వేసి, టీవీ వెనక నుంచి వైరు లాగి, మామగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మూడడుగుల గీత మీద కూర్చోబెట్టాం. దీపం వెలిగింది.

"అమ్మాయ్, మధ్యలో ఈ నల్లటాయనెవరు?"

"మీ నీడండి, మావయ్యగారూ."

అన్నీ కొలిచినదాన్ని, వెలుగు ఆయన వెనక నుంచి వస్తుందన్న సంగతి కొలవలేదు. ఆయన ఎడమకి ఒరిగితే నీడా ఒరిగింది. పక్కకి జరిపి కూర్చోబెడితే అవతలి సగం ఆయనకి అందలేదు. ప్రొజెక్టర్ని కప్పుకి బిగిద్దామంటే సీలింగ్ ఫ్యాను అడ్డం. ఫ్యాను తీసేస్తే ఆ ఉక్కలో సినిమా ఎవడు చూస్తాడు?

"గోడంతా నేనే ఉన్నాను, ఇంక మీరేం చూస్తారు" అని నవ్వుతూనే కుర్చీ ఎత్తుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి మేం టీవీ కూడా పెట్టుకోలేదు.

మర్నాడు దుమ్ము పడకుండా దాన్ని పడగ్గదిలోకి చేర్చాం. పాడైందేమో చూద్దామని మావారు అక్కడే వైరు తగిలించి వెలిగించారు. నేను హాల్లో ఉన్నాను. పడగ్గది గుమ్మానికున్న తెల్ల కర్టెన్ మీద, నా వైపున, మ్యాచ్ ఆడుతోంది. స్కోరు అంకెలు మాత్రం అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. అంకెలు తిరగబడితే నేను ఊరుకోలేను. రిమోటు తీసుకుని మెనూ అంతా వెతికాను. బొమ్మని తెర వెనక నుంచి వేసే ఏర్పాటు అందులోనే ఉంది. నొక్కగానే అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి.

మాది పాతకాలపు ఇల్లు, గుమ్మానికి రెండు రెక్కల తలుపు. కొలిస్తే నాలుగున్నర అడుగులు. యాభై అంగుళాల బొమ్మ పట్టగా నాలుగంగుళాలు మిగిలింది. మంచం గోడకి నెట్టేశాం. కర్టెన్ మడతలు పడుతోందని తీసేసి, మామగారి పల్చటి పంచె ఒకటి బిగించి కట్టాం.

"నా నీడ చూడ్డానికి నేన్రానమ్మా" అన్నారాయన.

"వెలుగు అవతల్నుంచండి. ఈసారి మీ నీడ మా మీద పడుతుంది, రండి."

వచ్చారు. సీరియల్ మొదలైంది. ఆయన తెర వైపు వేలు చూపించారు.

"అమ్మాయ్, ఈ పిల్లెవరు?"

"అత్తగారండి. కోడల్ని ఏడిపిస్తుందే, ఆవిడే."

"ఈ పిల్లా? గొంతు విని అరవై ఏళ్ళావిడనుకున్నానే. నీకంటే చిన్నదిలా ఉంది. దీనికి అంత కొడుకెలా పుట్టాడే?"

"ఆ లెక్క నాకూ తేలలేదండి."

"సరిగ్గా చూద్దాం ఉండు" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఇంకాస్త లాక్కున్నారు.

మావారు "నాన్నగారూ" అనబోతుంటే చెయ్యి నొక్కాను. అప్పటికే మనసులో లెక్క కట్టేశాను. మూడడుగుల్లో పన్నెండంగుళాలు అడ్డమైతే, రెండడుగుల్లో పదింపావు, అడుగులో తొమ్మిది. ఆయన ముందుకెళ్ళేకొద్దీ మాకు బొమ్మ పెరుగుతుంది.

"వెళ్ళనివ్వండి, మనకే లాభం" అన్నాను.

మామగారు ఇంకా ముందుకి వంగారు. ఆయన ముక్కు పంచెకి తగిలి, సీరియల్ అత్తగారి బుగ్గ మీద చిన్న సొట్ట పడింది.